దుందుభి ఏమంటది

బోర్డు మీద రాసిన:
కాకి కావుకావు. గంట గణగణ.
వాగు గలగల.
ఐదో తరగతంతా రాసుకుంది.
పర్వతాలు మాత్రం పెన్ను మూత కొరుక్కుంట
"మన వాగు అట్లనదు సార్" అన్నడు.

"మరేమంటది?"
"లారీకి ఇసుక ఎత్తేటప్పుడు సర్రు, సర్రు.
మిగతా యాళ్లల్ల ఏమనదు."

కల్వకుర్తిల బస్సు మారి
మొన్న మొన్ననే ఈ బడికొచ్చినోన్ని.
పుస్తకంలున్న చప్పుళ్లనే వెంట తెచ్చుకున్న.
పేరుల్నే ఢంకా ఉన్న వాగు
మూగదై పడుంటదని నాకెవరు చెప్పిండ్రు?

సరే, గలగల ఇంకెక్కడన్న ఉందేమో
ఎతుక్కరండన్న.

తెల్లారి తెచ్చిండ్రు.
ఎండిన పల్లికాయను చెవి కాడ ఊపితే గలగల,
అండాలు జేబుల నుంచి తీసి వినిపించింది.
కల్లంల ఆముదపు కాయలు
ఎండకు చిటుక్కుమని పగిలి
గింజ ఎగిరి రేకుకు టంగున తగులుతదట.
ఇది లెక్కకొస్తదా సార్?
వస్తదన్న.
ఈదమ్మవ్వ జొన్నరొట్టె
పిండి మెత్తగుంటే తప తప,
కోడలి మీద కోపముంటే
ధబ్బు ధబ్బు.
బోరుబండి మీద పనిచేసే చెన్నయ్యకు
చెవుల గుయ్యిమనే మోత
ఇంటికొచ్చి పండుకున్నా దిగదట.
బిడ్డ పిలిస్తే
టీవీ బందు చేసి "ఆఁ?" అంటడట.

పర్వతాలు నోట్సుల
వాగు అని రాసి
పక్కన చుక్కలు పెట్టి విడిచిండు.
ఆ ఖాళీని చానాసేపు చూసిన.
తప్పని కొట్టబుద్ధి కాలే.

శ్రావణంల ఓ బుధవారం,
ప్రార్థన ఇంకా అయిపోలే,
చెప్పులు చేతుల పట్టుకొని ఉరికొచ్చిండు వాడు.
నోరు తెరుస్తడు, మాట రాదు.
చేతులతోని చూపెడతడు: ఇంత, ఇంత.

అందరం వంతెన మీదికి పోయినం.
ఎర్రటి నీళ్లు. ముందర నురగ,
నురగ మీద తంగెడు పుల్లలు, ఒంటి చెప్పు, గుట్కా పొట్లాలు.
గలగల కాదు. జలజల కాదు.
కాలిన పెంక మీద నీళ్లు చల్లినట్టు
సుయ్యిమని పాకుతున్నది ఇసుక మీద.
లారీలు తవ్విన గుంత కాడికొచ్చి
ఆగింది.

పర్వతాలు వంతెన గోడ మీద బోర్లా పడి
చెవి కిందికి వంచిండు.
ఎవ్వరం కదల్లే.

"సార్," అన్నడు మెల్లగ,
"తాగుతుంది సార్.
గుటుక్కు.
గుటుక్కు."