నీళ్ల వంతు

రుస్తాక్‌ల మా రూముల వెనక
ఇటుకల కంపెనీ వదిలేసిన జాగ, పది మంచాలంత.
సిమెంటు రాలి గట్టివడ్డ నేల,
గడ్డపార దింపితే నిప్పురవ్వ లేచేది.

ఊళ్ల ఏడు బోర్లు ఏసి
ఏడిట్ల దుమ్ము చూసినోణ్ణి నేను.
ఆ అప్పుకే ఈ కంపెనీ అంగీ తొడిగిన.
ఎవలన్న ఎవుసం మాటెత్తితే లేచి
ఊకెనే నల్లా కాడికి వోయి చేతులు కడుక్కునేటోణ్ణి.

మొదలువెట్టింది సిల్హెట్ మొజమ్మిల్.
ఏసీ పైపు కింద పెయింటు డబ్బా పెట్టిండు.
రాత్రంత చుక్క, చుక్క, చుక్క.
తెల్లారేసరికి డబ్బెడు నీళ్లు, ఉప్పులేనియి.
"చెట్టు తాగుతది" అన్నడు, వచ్చీరాని హిందీల.
నవ్విన. పొద్దుగాల మళ్ల వోయి చూసిన.

ఇగ నేను ఊకుంటనా?
మెస్సుల మిగిలిన చాయ్‌పత్తి, ఉల్లిపొట్టు,
మేకల దొడ్ల పెంట రెండు సంచులు,
గుంత తీసి పొర మీద పొర, పైన తడి గోనెపట్ట.
సూపర్‌వైజరు ముక్కు మూసుకుండు.
పదో నాడు మొజమ్మిల్ చెయ్యి పట్టి లోపల పెట్టిన:
వెచ్చగ, ఈనిన బర్రె పొదుగు లెక్క.
రెండు నెలలకు చల్లారింది. పిడికెడు తీసి వాసన చూస్తే
తొలకరి పడ్డ చెలక.

పుంటికూర గింజలు మస్కట్ల ఇంటిపని చేసే
రాయచోటి ఖాజాబీ పంపినయి.
ఆమె గోంగూర అంటది, నేను పుంటికూర అంట,
ఆ పంచాయితి ఇంక తెగలే.
"ఆకు గిల్లాల, చెట్టు పీకగాకు" అని ఫోన్‌ల నేర్పుతది,
పుంటికూర గిల్లుకుంటనే పెరిగినోనికి.
నేను ఊ కొడత.

చలి వచ్చింది. ఏసీలు బందయినయి.
డబ్బా అడుగున ఒక ఎండిన ఆకు.
నా నోట్ల మళ్ల అదే దుమ్ము రుచి,
ఇది ఎనిమిదో బోరు అనుకున్న.

ఖర్జూరం తోట హుమైద్ తాత
గోడ మీదికెళ్లి చూసి ఏమనలే.
మరునాడు ఫలజ్ కాలువ గట్టుకు తీస్కపోయి
నేలల నాటిన కట్టె నీడ చూపిండు.
ఈ గీత కాన్నుంచి ఆ గీత దాంక నాసర్ ఇంటోళ్లది,
ఆడికెళ్లి నాది.
ఇగో, ఇంత, అని రెండు వేళ్లు ఎడం చేసి,
మీకు.

మా తాత నీరటి. నేనది ఎవలికీ చెప్పలే,
బోర్లు పడ్డంక ఆ పనికి పేరు గూడ లేకపాయె.
ఆ దినం పార పట్టిన.
"ముందుగాల ఆఖరి మడికి, తాతా,
తూము పక్కనోడు దూప తట్టుకుంటడు."
హుమైద్ నా సైగలు చూసిండు, పాయల వంపు చూసిండు,
తన తోటల కూడ ఒక కాలువ అట్ల తిప్పుమన్నడు.

మాఘమాసంల బీరపూలు
పూసుడు, పిందె వడుడు, నల్లవడి రాలుడు.
మందు కొట్టాలని ఒకలు, దిష్టి తియ్యాలని ఒకలు.
తాత చెవికి చెయ్యి అడ్డంపెట్టి
"ఏం వినిపిస్తంది?" అన్నడు.
జనరేటరు.
"అంతే గదా. ఒక్క రెక్క చప్పుడు లేదు."

నడుముకు తాడు కట్టి నన్ను ఖర్జూరం ఎక్కించిండు.
మగ పూరెమ్మ తెచ్చి ఆడగెల నడుమ పెట్టి నారతోటి ముడి.
పొద్దుగూకి డ్యూటీ దిగినంక
సెల్‌ఫోన్ వెలుతుర్ల బీరతీగ కాడ కూసున్న,
మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రాసుకుంట.
మొజమ్మిల్ ఫోన్ పట్టుకున్నడు.
ఇద్దరం సిగ్గువడ్డం ఎందుకో.

పదకొండు కాయలు. తొమ్మిది రూములు.

మొన్న లచ్చవ్వ ఫోన్ చేసింది:
కొబ్బరికాయ అరచేతుల పెట్టుకొని
నీళ్ల పాయింటు చూసేటాయన వచ్చిండట,
తూర్పు మూలకు కాయ లేచి నిలవడ్డదట.
వద్దన్న.
పక్క చెలక పోశాలు బోరు పోస్తంది గదా,
వంతు అడుగుమన్న. మన మోటరు ఇచ్చి, మనిషి సాయమిచ్చి.
"నీళ్లు అడుక్కునుడా? సిగ్గుగాదా?" అన్నది.

జవాబు తట్టలే.
కిటికీలకెళ్లి చూస్తున్న.
కట్టె నీడ గీతకు ఇంక జానెడున్నది.
మొజమ్మిల్ చెప్పులిడిసి
పార పట్టుకొని నిలవడ్డడు.