బొటనవేలు

మార్చి మొదటి ఆదివారం మందిరంలో
ముసలి టోర్మోద్ లేచి కీర్తన ఎత్తుకున్నాడు.
మా లూయిస్ దీవి ఆరాధనలో వాయిద్యాలుండవు.
ఒక్కడు పంక్తి అందిస్తాడు,
మిగిలినవాళ్ళం ఆ గొంతును వెంబడిస్తాం,
ఎవరి ఊపిరి ఉన్నంత మేర వాళ్ళం,
ఒడ్డున విరిగే అలలు ఒకదాన్నొకటి తోసుకున్నట్టు.

నా ఒళ్ళో కీర్తనల పుస్తకం.
పేజీ చివరికి రాగానే
నా బొటనవేలు కాగితాన్ని కింది నుంచి పైకి తోసింది.
కాగితం కదల్లేదు.
మళ్ళీ తోసింది.

పక్కనున్న కెనెథీనా చూసి, చూడనట్టు
నా చేతిలో పిప్పరమెంటు బిళ్ళ పెట్టింది.

నన్ను పదకొండు వేల మంది వెంబడిస్తున్నారు.
నేను వాళ్ళని ఎక్కడికీ తీసుకుపోవడం లేదు.
రేకుల షెడ్డులో కాళ్ళతో తొక్కే ఇనప మగ్గం,
పడుగు బిగింపు, పేక రంగు,
కిటికీలో సముద్రం తగుమాత్రం పడేలా
మూడుకాళ్ళ స్టాండు మీద ఫోను.
నేత కన్నా ముందు వెలుతురు సర్దుకునేదాన్ని.
ఒక్కోసారి ప్రార్థనా సర్దుకునేదాన్ని:
తెరిచిన బైబిలు, పక్కన పొగలు కక్కే టీ కప్పు.
టీ చల్లారిపోయేది.
ఏ పుట తెరిచానో గుర్తుండేది కాదు.

ఆ రాత్రి ఫోనుని ఓట్స్ డబ్బాలో పెట్టి మూత నొక్కాను.
పిల్లిని గోనెసంచిలో కట్టి
ఊరవతల దింపి వచ్చినట్టుంది.
తెల్లారేసరికి గడప ముందు కూర్చుని ఉంటుందేమో.

మొదటి వారం దేవుడు దొరకలేదు.
ఉన్నమాట చెప్పాలి కదా.
గాలి దొరికింది.
పేరు లేని గుబులొకటి దొరికింది.
మోకాళ్ళ మీద పడితే మాట పెగల్లేదు,
పెగిలిన మాటేమో నలుగురికీ చూపించేలా
నీటుగా తల దువ్వుకుని వచ్చింది.
"ప్రభువా" అని ఆగి,
ఎవరైనా చదివారా అని ఎదురుచూశాను.

పదో రోజున నాడె ఒక పేక తప్పింది.
గుర్తుపట్టేసరికి జానెడు బట్ట దాటిపోయింది.
నాచు రంగులో నాచు రంగు గీత,
తనిఖీవాడి కంటికీ ఆనదు.
ఇదివరకైతే దాన్నీ ఫోటో తీసి
"పొరపాట్లూ అందమే" అని రాసేదాన్ని,
నాలుగొందల ఎర్ర గుండెలు రాలేవి.

కూర్చుని విప్పాను.
పోగు. పోగు. పోగు.
మధ్యాహ్నమంతా పట్టింది.
ఎవరూ చూడలేదు.
ఎవరూ చూడలేదని అనుకుంటూ ఉండగానే
మెడ వెనక ఎవరో వచ్చి నిలబడ్డంత వెచ్చన.
తల తిప్పలేదు.
తిప్పితే అది కిటికీలోంచి పడ్డ ఎండే అయ్యుండొచ్చు.
ఎండైనా సరే,
వందనాలన్నాను.

గురువారాలు ఇప్పుడు ఓయ్‌రిక్ అవ్వ దగ్గరికి వెళ్తున్నాను.
చూపు పోయి మూడేళ్ళయింది ఆమెకి.
మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య
ఒక పీట్ మడి, రెండు కంచెలు.
ఈ మూడేళ్ళూ అదేదో సముద్రమన్నట్టున్నాను.

"దారిలో ఏం కనబడ్డాయే మర్డీనా?"
"అడవి బాతులు."
"అదేం మాట! ఎటు పోతున్నాయి?"
"ఉత్తరానికి."
"రెక్కల కింద ఏం రంగు?"

చూపించడమే తప్ప చెప్పడం రాని నోరు నాది.
తడుముకున్నాను.
బూడిదలో కాస్త పాలు పోసినట్టు, అన్నాను,
కాదు, ఉతికి ఉతికి వెలిసిన ఉన్ని లోపలివైపులా, అన్నాను.
మాట మాటకీ ఆ బాతులు
నాకే ఇంకాస్త కనబడుతున్నాయి.
రాత్రి మోకాళ్ళ మీద కూడా అలాగే మొదలుపెట్టాను,
దారిలో కనబడ్డవన్నీ,
కెనెథీనా దగ్గుతో సహా.
ఆమేన్ అనడం మరిచి నిద్రపోయాను.

ఓట్స్ డబ్బా అటకమీదే ఉంది.
గంజికి వేరే డబ్బా కొనుక్కున్నాను.
బొటనవేలు ఇంకా అప్పుడప్పుడు
దుప్పటి అంచుని పైకి తోస్తూనే ఉంటుంది.

"ఎన్ని బాతులు?" అడిగింది అవ్వ.
"లెక్కపెట్టలేదు."
"అయితే రేపు లెక్కపెట్టి రా."