లీటరుకి పదమూడు

నోటుబుక్కులో ఎర్రసిరాతో రాశాను:
ట్యాంకు నిండిన దగ్గర్నుంచి మళ్ళీ నిండేదాకా
నాలుగొందల పది కిలోమీటర్లు,
ముప్పై ఒకటిన్నర లీటర్లు.
పోయినేడు ఇదే బండి, ఇదే దారి,
కవిటి నుంచి పలాస, పలాస నుంచి కవిటి,
పద్దెనిమిదికి ఎప్పుడూ తగ్గలేదు.

ముందు బంకువాణ్ణి అనుమానించాను.
కంచిలిలో మానేసి సోంపేటలో కొట్టించాను.
టైర్లలో గాలి చూశాను.
బ్రేకు ఎక్కడైనా పట్టేసుందేమోనని
ఒక్కో చక్రాన్నీ జాకీ మీద లేపి చేత్తో తిప్పాను.
గాలి ఫిల్టరు విప్పి దులిపితే
కొబ్బరి పీచు నూగు, ఎండిపోయిన ఒక తూనీగ.
కొత్తది వేశాను.
పదమూడు పదమూడే.

రైలు గేటవతల దాలయ్య షెడ్డు.
కంప్యూటరు తగిలించిన కుర్రాడు
"ఏ తప్పూ చూపించట్లేదన్నా" అన్నాడు.
"అది సెప్పకపోతే ఏటయిపోనాది,
మనకి సెవుల్లేవేటి?"
దాలయ్య నా పక్క సీట్లో కూర్చుని
"తొక్కు బావూ" అన్నాడు.
మూడో గేరులో వంతెన ఎక్కుతుంటే
కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇనబడతందా? ఈల.
ఆ ఈల కింద ఇంకో ఈల.
టర్బో తెచ్చిన గాలిని దారిలో ఎవుడో దొబ్బేస్తన్నాడు.
బండికి ఊపు నేదని నీ కాలు ఇంకా తొక్కతంది.
అద్దంలో సూడు,
ఎనకాల ఎంత నల్లగా కక్కతందో."

పాత స్కూటరు ట్యూబు ముక్కతో మూతి బిగించి
పంపుతో కాస్త గాలి ఎక్కించి
సబ్బునీళ్ళు పోశాడు.
ఇంటర్‌కూలరు కెళ్ళే రబ్బరు పైపుకి అడుగున,
క్లిప్పు పక్కన, జిడ్డూ దుమ్మూ అట్టకట్టిన చోట
చేప నోరు తెరిచినట్టు
ఒక బుడగ.
గాలి తీసేస్తే పెదాలు మూసుకుంది.
ఊరికే నిలబడి చూసేవాడికి
ఎప్పటికీ దొరకని చిరుగు.

మర్నాడు బరంపురం బస్సులో పైపొచ్చింది.
ఆ సాయంత్రమే నల్లపొగ పోయింది.
వారం తిరిగి మళ్ళీ లెక్క కట్టాను:
పదహారున్నర.

"ఇంకా ఒకటిన్నర ఎటు పోయినట్టు?"
దాలయ్య విసుక్కోలేదు.
ఇంజెక్టర్లకి నాలుగు సీసాలు వేలాడదీశాడు.
తిరిగొచ్చిన డీజిలు నాలుగింట్లోనూ సమానం.
ఇంజిను వేడి సరిగ్గానే ఉంది.
చేతులు తుడుచుకుంటూ అడిగాడు:
"బండి ఎక్కడ ఆపతావు?"
"పలాసలో, ఆస్పత్రి బయట."
"ఇంజిను ఆపుతావా?"

నేను గేటు వైపు చూశాను.
గూడ్సు పోతోంది, ఎన్ని పెట్టెలో.

మంగళ, గురు, శని.
మూడొందల కొబ్బరిచెట్ల మొదలూ మొవ్వూ తెలిసిన కాళ్ళు
నాలుగు గంటలు మంచం మీద పడుకుని
రక్తం కడిగించుకుని బయటికొస్తాయి.
ఢిల్లేసు మావ వెనక సీట్లో ఒరుగుతాడు,
మోచేతి దగ్గర దూది, దాని మీద ప్లాస్టరు.
వెంటనే కదిలిస్తే వాంతి.
అద్దాలు దించితే ఎండ.
చల్లగాలి తగిలితే అరగంటకి
నాలుక తడి చేసుకుని "ఎల్దారి" అంటాడు.
ఆ అరగంటా
చక్రం తిరగదు, మీటరు కదలదు,
డీజిలు మాత్రం కాలుతూనే ఉంటుంది.

దాలయ్య ఇంకేమీ అడగలేదు.
బిల్లు మీద పైపు, రెండు క్లిప్పులు, కూలి రాసి
సీసాలు విప్పినందుకు ఏమీ వెయ్యలేదు.

ఈ శనివారం
కళ్ళు తెరవకుండానే మావ అన్నాడు:
"ఆపీరా ఇంజిను. ఆయిలు కాల్తంది గదేటి."
"టర్బో బండి మావా,
ఆగిన ఎంటనే ఆపకూడదు, పాడైపోద్ది."
"ఎంతసేపుండాలి?"

నోటుబుక్కు మూసి డాష్‌బోర్డులో పెట్టాను.
"అరగంట" అన్నాను.