ఎడమ గీత

భూత్‌పూర్ సబ్‌స్టేషన్ల నైట్ డ్యూటీ.
ట్రాన్స్‌ఫార్మర్ తనల తనే సణుగుతున్నది.
నా ఫోన్ల వాల్దెనీర్ ఆఖరి ఆట ఆడుతున్నడు.
ముప్పై ఎనిమిదేండ్లు. బ్రెజిల్ల రెండో డివిజన్.
గ్యాలరీల సగం కుర్చీలు ఖాళీ.
కామెంట్రీ పోర్చుగీసుల, ఒక్క ముక్క సమజ్ కాదు,
ఆయన పేరొక్కటే తెలుస్తది.
పేరు తోక పట్టుకొని గుంజి గుంజి పిలుస్తరు,
మా అవ్వ తప్పిపోయిన మేకను పిలిచినట్టు.

లెఫ్ట్ బ్యాక్ అంటె కావలోడు.
ఇల్లు కాయమంటరు.
ఈయనేమో దర్వాజ బార్ల తెరిచిపెట్టి
ఎదురింటోళ్ల పొయ్యి మీద ఏముడుకుతుందో
చూసొస్తనని పోతడు.

ఆయన పుట్టినూరు ఫోటోల చూసిన:
ఎర్రమట్టి, ముళ్లకంప, బొక్కలు తేలిన ఆవులు,
వారానికోపారి వచ్చే నీళ్ల ట్యాంకరు.
కోయిల్‌కొండ తొవ్వ అనుకున్న.
పదిహేనేండ్లకు బస్సెక్కిండంట,
అప్పుడు ముందట ఆడెటోడు, గోల్ కొట్టెటోడు.
పట్నం క్లబ్బోళ్లు బక్క పెయ్యి చూసి
ఎన్క నిలవడమన్నరు.
నిలవడ్డడు.
గని ఆ జాగ యాడ అయిపోతదో
ఆయన కాళ్లకు ఎవ్వలు చెప్పలే.

పోర్చుగల్ల నాలుగేండ్లు. ఇటలీల ఆరు.
ఒక్క ఆటల ఎన్నిసార్లు పోయి ఎన్నిసార్లు వస్తడో
లెక్కపెట్టుకుంట పెట్టుకుంట
నలభై ఒకటి కాడ నిద్రపోయిన ఒకసారి.
పెద్ద ఫైనల్ల మాత్రం
ఆయన ఇడిచిపెట్టిన జాగల నుంచే గోల్ వడ్డది.
తెల్లారి పేపర్లు ఆ ఖాళీ జాగను ఫోటో ఏసినయి.
గడ్డి తప్ప ఏం లేదు అండ్ల.
మోకాలు రెండుసార్లు కోసిన్రు.
తర్వాత పేర్లు నోరు తిరగని క్లబ్బులు.

నేను గూడ లెఫ్ట్ బ్యాకే.
కరెంటాఫీసు టీము, జిల్లా గ్రౌండు,
పదకొండేండ్ల సంది.
ఆరు దినాలు స్తంభాలెక్కి లైను చూస్త,
ఐతారం సున్నం గీత పొంటి ఉరుకుత.
గోల్ల ఖాలిక్ భాయి, పంచర్ల దుకాణం ఆయనది.
నోరు ఆగదు:
"వాపస్ ఆ రే కుర్మయ్యా, వాపస్!"

వనపర్తోళ్లతోని సెమీఫైనల్.
మేమొకటి, వాళ్లొకటి, ఆఖరి నిమిషం.
నేను పోయిన. ఎవ్వలకు చెప్పకుంట పోయిన.
నా క్రాసు పావురం లెక్క పోయి
వాళ్ల కీపర్ చేతులల్ల వాలింది.
ఆయన సక్కగ ఇసిరిండు,
నేను లేని కాడికి.
ఖాలిక్ భాయి ఒక్కడు, వాళ్లు ముగ్గురు.

ఇరవై దినాలు నాతోని మాట్లాడలే.
ఇరవై ఒకటో నాడు బండి పంచరైంది.
ట్యూబు నీళ్లల్ల ముంచి బుడగలు చూస్కుంట,
నా మొఖం దిక్కు చూడకుంటనే అన్నడు:
"క్రాస్ మాత్రం మంచిగుండె."
అబద్ధం. పైసలు గూడ తీస్కోలే.

ఫోన్ల ఎనభై మూడో నిమిషం.
వాల్దెనీర్ బయలెల్లిండు.
సగం గీత దాటిండు. కాళ్లు దాటలే.
బాల్ ఎవడో పిలగాడు గుంజుకపోయిండు.
తిరిగి నడుసుకుంట వస్తున్నడు,
నడుముల మీద చేతులు.
కీపర్ ఒర్రలే. కోచ్ ఒర్రలే.
ఉన్న జనమంత లేచి చప్పట్లు కొట్టిన్రు.

ఆ చప్పట్లు నాకు నచ్చలే.
తిట్టాలె కద ఎవ్వలన్న.
నీ జాగ గిది కాదని
ఒక్కడన్న చెయ్యి చూపియ్యాలె కద.

అమిస్తాపూర్ ఫీడర్ పడ్డదని ఫోనొచ్చింది.
ఆట ఎట్ల అయిందో చూడలే,
టార్చి పట్టుకొని బయటికొచ్చిన.

ఐతారం.
ఎండ పొద్దుగాలనే గ్రౌండుల దిగింది.
బాల్ నా కాళ్ల కాడికొచ్చింది,
ముందట నలభై గజాలు ఖాళీ.
నా ఎడమ మోకాలు ఈ మధ్య మెట్ల మీద కిర్రంటది,
ఇయ్యాల ఊకున్నది.
ఎన్క నుంచి "వాపస్ ఆ కుర్మయ్యా!"

ఇంకోసారి ఒర్రు, ఖాలిక్ భాయి.
ఇంకో పది గజాలు పోత.