గేటు పడ్డాక

మా డెల్టాలో ఎత్తంటే కాలవగట్టే.
గట్టెక్కి చూస్తే అంబాజీపేట దాకా
కొబ్బరి తలలన్నీ ఒకే మట్టం.
ఇలాంటి నేల మీద పుట్టి
గాల్లోకి ఎగరాలన్న యావ
ఎస్తేరుకి ఎక్కణ్ణించి అంటిందో
ఇరవయ్యేళ్లుగా పంక్చర్లేస్తున్న నాకు తెలీదు.

పదకొండేళ్లప్పుడు నా కొట్టు ముందు దింపింది
పాతసామాన్లవాడి దగ్గర కొన్న పొట్టి సైకిలు.
బీఎంఎక్స్ అంట, ఫోనులో చూపించింది.
"మడ్‌గార్డు పీకెయ్ మావయ్యా, స్టాండు పీకెయ్,
బెల్లు కూడా."
"బెల్లేం చేసిందే?"
"నా ముందెవరూ ఉండరుగా."

వాళ్ల నాన్న గెద్దాడ ఏసురత్నం, లాకు దగ్గర లస్కరు.
ఏప్రిల్లో కాలవలు కట్టేశాక
ఎండిన అడుగే మా ట్రాకు.
పూడిక తీసినవాళ్లు వదిలేసిన దిబ్బలు,
మేం తొక్కి చదును చేసిన బంకమన్ను.
లాకుది పాత టేకు పలకొకటి తాడుతో నిలబెట్టి
ముందు చక్రం దానికి ఆనించి
రెండు పెడళ్ల మీదా నిలబడేది, ఊపిరి బిగబట్టి.
ఏసురత్నం తాడొదిలేవాడు.
"ఒకటీ రెండూ అనకు నాన్నా,
అక్కడ అనరు. చెప్పకుండా పడుద్ది గేటు."
ముప్ఫయ్యేళ్లు నీళ్లకి గేట్లెత్తినోడు
కూతురి కోసం దించడం నేర్చుకున్నాడు.

జూన్‌లో నీళ్లొచ్చేవి.
దిబ్బలు కరిగి చేలల్లోకి పోయేవి.
ఆ యేళ్ల నారుమళ్లలో
ఎస్తేరు ట్రాకు కూడా కాస్త మొలిచే ఉంటుంది.

మొదటి పందెం పూణేలో.
ఎనిమిది మంది. హెల్మెట్టు అద్దెది, వదులు,
లోపల తువ్వాలు కుక్కాను.
మొదటి దిబ్బ మీంచి అందరికన్నా ముందు లేచింది.
తర్వాత మలుపు.
కాలవలో మలుపెక్కడుంది?
తిన్నగా పోయి గుడ్డ బోర్డు చించుకుని అవతల పడింది.

తిరుగు రైలు కొవ్వూరు దాటి వంతెనెక్కాక అడిగింది:
"గోదారి తిరిగేచోట ఒడ్డు ఏ వాలున ఉంటుంది మావయ్యా?"
ఆ వారమే లంకకి వెళ్లి చూశాం.
బయటొడ్డు నిటారు, లోపలిది జారుడు.
ఒండ్రు తెచ్చి కొడవలి వంపు ఒకటి కట్టాం లంకలో.
ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక ఇచ్చారు,
వంపూ పోయింది, మా పారలూ పోయాయి.
మళ్లీ కట్టాం. అలా ఐదేళ్లు.

నాలుగో స్థానం, రెండోది, ఒక్కసారి మొదటిది.
జిల్లా పేపర్లో రొయ్యల రేట్ల పక్కన ఫొటో.
ముఖం హెల్మెట్టులో, కింద పేరు తప్పు,
నంబరు ప్లేటు మీది అరవై ఒకటి మాత్రం
కరెక్టుగా పడింది.

మెడ కింది ఎముక రెండుసార్లు.
రెండోసారి స్టీలు పట్టీ వేశారు.
"ఇప్పుడు నన్నూ నువ్వే రిపేరు చెయ్యొచ్చు" అంది.

జంషెడ్‌పూర్ ఫైనల్లో
గేటు కన్నా రెప్పపాటు ముందు కదిలింది.
చక్రం పలకకి గుద్దుకుని ఆగింది.
ఏడుగురు వెళ్లిపోయారు.
ఆమె అక్కడే,
పెడళ్ల మీద, కాలు కింద పెట్టకుండా.
ఎంతసేపుందో నేను చూసుకోలేదు.

మానేశానని ఎప్పుడూ చెప్పలేదు.
ఒక వేసవి కాలవ ఎండింది, ఆమె రాలేదు.

ఒక రాత్రి కొట్లో కూర్చుని లెక్కేశాను.
మూడొందల పందాలు, ఒక్కోటి నలభై సెకన్లు.
పదమూడేళ్లూ కలిపితే మూడు గంటల ఇరవై నిమిషాలు.
అమలాపురంలో ఎక్కిన విజయవాడ బస్సు
అంతసేపటికి ఏలూరు కూడా దాటదు.
చెప్తే నవ్వలేదు.
"గేటు వెనక ఆగిందీ కలుపు మావయ్యా."

ఏసురత్నం పోయాక లస్కరు పని ఆమెకే ఇచ్చారు.
నిన్న నీళ్లొదిలే రోజు.
పళ్లచక్రానికి గ్రీజు రాయడానికి నన్ను పిలిచింది.
చేతులు తుడుచుకుంటూ కిందికి చూశాను.
పిడి పట్టుకుని నిలబడ్డ ఎస్తేరు మడమలు
రెండూ నేల మీంచి లేచి ఉన్నాయి.