ఫోను వేటకెళ్ళింది

తొమ్మిదో తరగతి, బి సెక్షన్.
గోడకి కొత్త ప్యానెలు. దాని పక్కనే నల్లబల్ల,
రిటైరయ్యాక కూడా రోజూ బడికొచ్చే మాస్టారిలా.
మొదటివారం అలవాటు చొప్పున
ప్యానెలు మీద సుద్దతో తేదీ వేశాను.
పిల్లలు నవ్వలేదు.
అందుకే ఎక్కువ సిగ్గేసింది.

ఇప్పుడు బెల్లు కొట్టగానే దాన్నే తెరుస్తాను.
నిన్నటి పాఠం ఎవరు చూశారు, ఎంతసేపు చూశారు,
ఎక్కడ విసుగొచ్చి వదిలేశారు.
పేరు పేరుకీ ఒక చుక్క.
చేస్తే పచ్చన, చెయ్యకపోతే ఎర్రన.
ఆమదాలవలస నుంచి బదిలీ మీద వచ్చిన నాకు
ఈ జాలారిపేట పిల్లల పేర్లకంటే ముందు
రంగులే నోటికొచ్చాయి. దాచడమెందుకు.

సోమవారం ధ్వని పాఠం.
తెర మీద తంబురా తీగ వణికింది.
కీచుదనం ఇది, తీవ్రత ఇది అని
ఏ ఊరిదో తెలీని శుభ్రమైన తెలుగు చెప్పింది.
మధ్యలో ఆపి, బల్ల అంచుకి స్కేలు నొక్కిపట్టి
నేనూ ఒకసారి టర్రుమనిపించాను.
ఇంటిపని: మీకు తెలిసిన శబ్దం ఒకటి రికార్డు చేసి పంపండి.
గడువు: శుక్రవారం రాత్రి ఎనిమిది.

వచ్చినవి ముప్ఫైమూడు.
కుక్కర్లు తొమ్మిది, అందులో నాలుగు ఒకే కుక్కరు.
ఆటో హారను, పొట్టేలు, కుళాయి దగ్గర తగువు.
ఒక ముసలామె దగ్గు,
కింద "తీవ్రత చాలా ఎక్కువండి" అని.
ఒక్క చుక్క మాత్రం ఎర్రన.
సూరాడ నూకరత్నం.

"ఏమ్మా, నీది?"
"ఫోను వేటకెళ్ళిందండి."
క్లాసు నవ్వలేదు. నవ్వింది నేనే.
"ఎప్పుడొస్తుంది?"
ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది.
"బోటులో ఐసయిపోయాకండి."

తెర మాత్రం గడువు దాటిందంది.
తెరకి ఐసు సంగతి తెలీదు.
గడువు పెంచే మీట ఎక్కడుందో నాకు తెలీదు.
వెతకాలనీ అనిపించలేదు, అదీ నిజమే.

పైవారం గురువారం, ప్రతిధ్వని చెబుతుంటే
ప్యానెలు మూల గంట మోగింది.
డాల్ఫిన్ నోస్ కొండ కనబడే దూరానికి
బోటు వచ్చుంటుంది, సిగ్నలు తగిలుంటుంది.
పాఠం ఆపి నొక్కాను.

ముందు ఇంజను మోత. గాలి.
"ఏటి నొక్కాలిరా? ఎర్రదేనా?"
"నొక్కీసినావు మావా, మాటాడు."
"రత్నాలూ, ఇంజనాపేత్తన్నాను. ఇనుకో."

ఆగింది.
ఆ తర్వాత, చెక్కకి నీళ్ళు తగులుతూ, వదులుతూ.
ఎవరో లేచి ఫ్యాను ఆపారు.
ఆ వీధి పిల్లలు కొంచెం ముందుకి వంగారు.
పంతొమ్మిది సెకన్లు.
చివర్న మళ్ళీ ఆ గొంతే, మెల్లగా:
"దీనికేటి పేరెడతారో మీ మేస్టర్నడుగు."

గళ్ళు ఖాళీగా ఉన్నాయి.
నూకరత్నం వచ్చి వేలితో నింపింది.
కీచుదనం: తక్కువ. తీవ్రత: తక్కువ.
ధ్వని జనకం దగ్గర కాసేపు ఆగి రాసింది:
ఆపేసిన ఇంజను.

పాఠం ప్రకారం తప్పు.
కంపించనిది ధ్వనినివ్వదు,
తొమ్మిది రోజుల కిందట నేనే చెప్పాను.
ఆలస్యానికి సగం మార్కులు కొయ్యాలని
తెర తన పద్ధతిలో గుర్తుచేస్తోంది.

ఆ సాయంత్రం గడువు మీట దొరికింది.
నాలుగు నొక్కుల లోపల, ఎవరూ చూడని చోట.
"బోటు వచ్చేవరకు" అని రాయబోతే
తేదీ మాత్రమే వెయ్యాలంది.
ఏదో ఒక తేదీ వేశాను, చాలా దూరానిది.

మార్కులింకా వెయ్యలేదు.
ఆయన అడిగిన ప్రశ్న
నల్లబల్ల మీద ఓ మూల సుద్దతో రాసిపెట్టాను,
తుడవొద్దని పక్కనే రాసి.