మగ్గానికి మూడు స్టార్లు

బడి మూసి నాలుగు నెల్లు.
ఎనిమిదింటికి ఫోను మా చేతికొస్తాది,
గోడకానుకుని ఈరేషూ నేనూ.
తెర మీద పచ్చ చిలక
టీవీ తెలుగులో "హాయ్ చిన్నారీ" అంటాది.

బొమ్మ పడింది. "బుడ్డలు!" అన్నాడు వీడు.
చిలక తల అడ్డంగా ఊపింది.
కింద రాసింది వేరుశనగ.
అక్షరాలిడిసి బొమ్మను చదివినాడు,
వాని తప్పే, కాదనను.
కానీ ఎమ్మిగనూరు సంతలో వేరుశనగ అనడిగితే
అంగడామె మన మొగం చూస్తాది గానీ
తూకం వెయ్యదు.

వే... రు... అని కూడబలుక్కుంటా ఉండంగానే
సావుకారు ఫోను, చీర ఎప్పుడు కోస్తారని.
పెట్టేసేలోపల పాఠం మొదటికి పోయింది.
మళ్ళీ చిలక. మళ్ళీ హాయ్ చిన్నారీ.

నేను ఐదు దాకా చదివినా.
మా సారు బెత్తం పట్టేటోడే గానీ
ఒక్క అక్షరం కాడ ఎంతసేపైనా నిలబడేటోడు.
దీనికి పది లెక్కపెట్టేంత ఓపిక లేదు.
గంట కొడతాది,
వీడు నా కొంగు నోట్లో పెట్టుకుంటాడు.

నిన్న "పడవ" కాడ ఆగిపోయినాడు.
ప... అని నోరు తెరిచి అట్లే ఉన్నాడు.
లోపల గుంతలోంచి వాళ్ళ నాయన
మగ్గం ఆడించినాడు, టక టక టక.
చిలక రెక్కలు కొట్టింది:
శభాష్! మూడు స్టార్లు!

నేను ఫోను బోర్లా పెట్టి
కండెలు చుట్టను పోయినా.
వీడు మాత్రం గుంత అంచున కూర్చోని
అడుగుతాండాడు:
"నాయనా, ఇంకొంచెం గట్టిగా ఆడించు,
రేపటి పాఠం గూడా నువ్వే చెప్పు."